పథ్యం

జీపు ఇంకా మలుపవతలే ఉంది. మాకు కనపడలేదు. మేస్త్రిగారు బీడీ నేలకి రాసి ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుని, "ఎడం పక్క ముందు సక్రం" అన్నారు.

నేను బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. నాకు వినపడిందల్లా ఇంజను చప్పుడు, కొండ మీంచి దిగే గాలి.

"ఎలా తెలిసింది?"

"కుడికి తిరిగినప్పుడు మూలిగింది. ఇన్లేదా? బండి కుడికి తిరిగితే బరువెటు పోతాది? ఎడం పక్కకి. మోసీవోడికి నొప్పెట్టింది, మూలిగినాడు. బండి తిన్నగా రాగానే నోరు మూసుకున్నాడు."

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతాను. మలుపులో వాహనం మీద పడే బలాల బొమ్మ బోర్డు మీద ఇరవై రెండేళ్ళుగా వేస్తున్నాను. ఇంత చక్కగా ఎప్పుడూ చెప్పిన గుర్తు లేదు.

మాడుగుల దాటాక, పాడేరు ఘాటు ఎక్కే లోపు, రోడ్డు పక్క చింతచెట్టు కింద ఉంటుందా రేకుల షెడ్డు. బోర్డు లేదు. కొమ్మకి ఒక పాత బ్రేకు డ్రమ్ము వేలాడదీసి ఉంటుంది. పానాతో దాన్ని కొడితే మేస్త్రిగారు వెనక ఇంట్లోంచి వస్తారు. లోపల గోడకి మోదకొండమ్మ పటం. అగరొత్తులు గుచ్చేది అరిగిపోయిన బేరింగులో. ఆయన నలభై ఏళ్ళ పైచిలుకుగా కొండ మీద తిరిగే జీపులకే పనిచేశారు. సంత రోజున కమాండర్ జీపు చూసినవాళ్ళకి తెలుస్తుంది ఆ పనంటే ఏమిటో. లోపల కూర్చున్నవాళ్ళు, వెనక వేలాడేవాళ్ళు, పైన పసుపు బస్తాలు, బస్తాల మీద మనుషులు, మనుషుల ఒళ్ళో కోళ్ళు. అంత బరువూ చివరికి వచ్చి ఆనేది అరచేతిలో పట్టే ఇనప గాజుల మీద. చక్రం ఊడితే పక్కన లోయ. అందుకని ఆయనకి ఇంజను కన్నా బేరింగు మీదే గురి ఎక్కువ. "ఇంజను పోతే బండి ఆగిపోతాది సార్, అంతే. బేరింగు పోతే బండి ఆగదు" అనేవారు.

ఈలోగా జీపు వచ్చి చెట్టు కింద ఆగింది. హర్యానాలో మండీ డబ్వాలీ అని ఒక ఊరుంది. పాత జీపుల్ని కోసి, అతికి, రంగులేసి, పెళ్ళికొడుకుల్లా తయారుచేసి దేశమంతా పంపుతారు. అక్కణ్ణించి తెప్పించిన ఎర్ర జీపు అది. నెత్తిన వరసగా దీపాలు. ముందు, ఏనుగునైనా లాగే కొక్కెం. టైర్లు ఒంటిని దాటి జానెడు బయటికి వచ్చి ఉన్నాయి. రిమ్ములు సంక్రాంతి ఎద్దు కొమ్ములకి తొడిగిన ఇత్తడి కుప్పెల్లా మెరుస్తున్నాయి.

దిగిన కుర్రాడికి ముప్ఫై ఉంటాయేమో. విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగం. శుక్రవారం రాత్రి బయల్దేరి వంజంగి మబ్బులనీ, ఏదో గెడ్డనీ, ఇంకేదో జలపాతమనీ కొండల్లో పడి తిరుగుతాడు. మంచివాడే. నమస్కారం పెట్టాడు.

"అంకుల్, మళ్ళీ సౌండ్ వస్తోంది."

"ఇన్నాను."

"ఏడాదిలో ఇది మూడోసారి. అసలు దొరికే బేరింగులే నాసిరకం అనుకుంటా."

మేస్త్రిగారు ఏమీ అనలేదు. జాకీ పెట్టి చక్రం లేపారు. రెండు చేతులతో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపారు. టకటకమంది. ప్లే ఎంతుందో బల్ల మీంచే తెలిసింది. హబ్బు విప్పి, బేరింగు బయటికి లాగి, అందులోని గ్రీజు వేలితో తీసి కుర్రాడి ముందు పెట్టారు. గ్రీజు తేనె రంగులో ఉండాలి. అది చిక్కటి మజ్జిగలా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే ఇసక కరకరలాడింది.

ఆ మజ్జిగని నేను అంతకు ముందు చూశాను. నా బండిలోనే.

అప్పటికి ఆరేళ్ళ పైమాట. నాదీ పాత జీపే. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన నాటి నుంచీ ముందు చక్రాల అమరిక దాదాపు ఒకటే పద్ధతిలో వచ్చిన కాలపు బండి. కొత్త బళ్ళలో బేరింగు హబ్బుతో సహా ఒకే ముద్దగా, సీలు చేసి వస్తోంది. పోతే ముద్ద మొత్తం మార్చడమే, విప్పి బాగుచేసేది లేదు. మా పాత జీపులకి అలా కాదు. ఒక్కో ముందు చక్రానికి లోపలొకటి, బయటొకటి రెండు బేరింగులు. వాటిని కడగాలి, గ్రీజు పెట్టాలి, నట్టు సరిగ్గా బిగించాలి. చేసుకుంటే ఏళ్ళ తరబడి మోస్తాయి. చెయ్యకపోతే మొయ్యవు.

నేను చెయ్యలేదు. పట్నంలో ఒక షెడ్డులో చేయించాను. అక్కడి కుర్రాడు కొత్త బేరింగు పొట్లం విప్పి నేల మీద పెట్టాడు. గాలి పైపు పెట్టి దాన్ని గిర్రున తిప్పితే ఈల వేసింది. నాకు ముచ్చటేసింది కూడా. కప్పుని ఉలితో టంగుటంగుమని కొట్టి దింపాడు. రెండు నెలలకి హుకుంపేట దాటాక ఒక గెడ్డలోంచి ఎక్కుతుంటే కాలిన వాసన, ఆ వెనకే పొగ, చక్రం వంకర. ట్రాక్టరు కట్టి ఘాటు దింపించి ఈ చింతచెట్టు కింద పడేశాను.

ఆ రోజు నాకు జరిగినది పాఠం. నేను చెప్పే పాఠాల్లాంటిది కాదు.

"గాలితో తిప్పినాడా?" అన్నారు మేస్త్రిగారు. "పసిబిడ్డని కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పి ఊయల్లో పడుకోబెట్టినట్టుంది. నూనె సుక్క లేకుండా అంత జోరుగా తిప్పితే ఒంట్లో ఏటి మిగుల్తాది?" కప్పు అంచున ఉలి దెబ్బల గాట్లు చూపించారు. కప్పు అడుగుదాకా కూర్చోలేదు, ఒక వైపు వెంట్రుకవాసి లేచి ఉంది. "సుత్తి దెబ్బ ఇనపకప్పుకి తగలకూడదు. పాత కప్పుని తిరగేసి దాని మీద పెట్టి కొట్టాలి, సుట్టూ సమంగా. సప్పుడు మారతాది. డబ్‌డబ్‌మన్నది టక్‌మన్నాదంటే అడుక్కంటిందని. కప్పొకటి పాతది, కోనొకటి కొత్తది పెట్టీవోళ్ళు కూడా ఉన్నారు. అరిగినోడి పక్కన కొత్తోణ్ణి కూకోబెడితే కొత్తోడూ అరుగుతాడు. మారిస్తే రెండూ మార్చాలి."

నేను నా తెలివి చూపించబోయాను. ఈ ఏటవాలు రోలర్ల బేరింగుకి 1898లో హెన్రీ టిమ్కెన్ అనే ఆయన అమెరికాలో పేటెంటు తీసుకున్నాడనీ, మలుపుల్లో పక్కకి తోసే బరువుని కూడా మొయ్యాలని రోలర్లని వాలుగా, గరాటు ఆకారంలో పేర్చాడనీ, ఆయన గుర్రబ్బళ్ళు తయారుచేసేవాడనీ చెప్పాను.

"అయితే ఆయనా బళ్ళ మేస్త్రే" అన్నారు, మన వాడే అన్నట్టు.

గెడ్డ సంగతి మాత్రం ఇద్దరం కలిసి అర్థం చేసుకున్నాం. ఘాటు దిగేసరికి బ్రేకుల వేడీ, పరుగు వేడీ కలిసి హబ్బు కాగి ఉంటుంది. లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అలా కాగిన హబ్బుని తీసుకెళ్ళి చన్నీళ్ళలో దింపితే గాలి ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. లోపల పీల్పు పుడుతుంది. సీలు అంచు ఎంత బిగువుగా ఉన్నా ఆ పీల్పుకి నీళ్ళు లోపలికి జారతాయి. మనమే చక్రానికి నీళ్ళు తాగించినట్టు. తిరిగే రోలరుకీ కప్పుకీ మధ్య ఉండే నూనె పొర వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉండదు. అందులోకి నీరొస్తే పొర తెగుతుంది, ఇనుము ఇనుముని రాసుకుంటుంది. బండి నిలబెట్టిన రాత్రి ఆ తడే తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఊడిన చోట గుంట పడుతుంది. ఆ గుంట మీంచి రోలరు వెళ్ళినప్పుడల్లా వచ్చేదే మూలుగు. ఇక ఇసక రేణువు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పొర ముందు అది బండరాయి.

"పది నిమిషాలు సార్. గెడ్డకి ముందు పది నిమిషాలు ఆగితే సాలు. సల్లారితే తాగదు." ఇదీ ఆయన చెప్పింది. నేను చెప్పినదంతా కలిపినా ఆ మాటకి సరిపోదు.

నట్టు బిగించడం చూడాలి ఆయన దగ్గర. ఒక చేత్తో చక్రం తిప్పుతూనే రెండో చేత్తో పానా బిగిస్తారు. తిప్పకుండా బిగిస్తే రోలర్లు వాటి చోట కూర్చోవట. బాగా బిగిశాక మళ్ళీ వెనక్కి వదులు చేస్తారు. ఆ తర్వాత రెండు వేళ్ళతో, వేళ్ళ బలమే పెట్టి, కొంచెం. అప్పుడు లాక్ వాషరు మడిచి రెండో నట్టు. "గాజులమ్మీ మనిషిని సూడండి. బిగుతైతే సెయ్యి కోసుకుంటాది, వదులైతే జారి పగులుతాది. సరైన గాజు సెయ్యి ఊపితే కదలాలి గానీ మోగకూడదు." ఆ మీదట పదిహేను కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నారు. వచ్చాక హబ్బు మీద అరచెయ్యి ఆన్చి పది అంకెలు లెక్కపెట్టమన్నారు. పెట్టగలిగాను. కుడి దానికీ ఎడమ దానికీ వేడి ఒకటేనా అన్నారు. ఒకటే. "అయితే ఎల్లండి."

వెళ్ళే ముందు అసలు సంగతి. పైఅరలోంచి ఒక పాత డాల్డా డబ్బా దింపించారు. పసుపు రంగు, పచ్చటి చెట్టు బొమ్మ, చుట్టూ సొట్టలు. మూత తీస్తే తేనె రంగు గ్రీజు.

"మీ బండికి ఏసింది ఇది. అందరికీ ఏసీది కాదు సార్. ఇమానాలకి వాడీ సరుకు. తెలిసినోళ్ళ సేత తెప్పిస్తాను. తొమ్మిదొందలవుతాది, మామూలుదైతే రెండొందలేబై. మీరు సదువుకున్నోరు, ఇలువ తెలిసినోరని ఏసినాను. కాపోతే దీనికి కొంచెం పథ్యం ఉంది."

పథ్యం చెప్పారు. ఏటా కార్తీకంలో, బండి తిరిగినా తిరక్కపోయినా, వానలు వెళ్ళగానే తెచ్చి హబ్బులు విప్పించాలి. పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్తది అరచేతిలో పెట్టుకుని రోలర్ల సందుల్లోంచి అవతలికి పొంగేదాకా నొక్కి నింపాలి. సీలు బాగున్నా సరే ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. నీళ్ళ పైపుతో జోరుగా బండి కడిగే చోట హబ్బుల మీద ఆ ధార పడనివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంకో షెడ్డులో ఎవడి చేతా హబ్బు ముట్టించకూడదు. "దీని మీద ఇంకో రకం గ్రీజు పడినాదా, రెండూ ఇరిగిపోతాయి. పాలల్లో నిమ్మకాయ పిండినట్టే."

అది నిజమే. ఒక రకం సబ్బు మీద చేసిన గ్రీజుకీ ఇంకో రకం దానికీ పడకపోతే, చిక్కదనం పోయి నూనె విడిపోతుంది. కెమిస్ట్రీ లెక్చరర్ని అడిగి మరీ రూఢి చేసుకున్నాను.

అప్పటి నుంచీ నియమం తప్పలేదు. వెళుతూ వెళుతూ మాడుగులలో అరకిలో హల్వా కట్టించుకుని, కార్తీకం రాగానే చింతచెట్టు కిందికి చేరతాను. మేస్త్రిగారు "సారు డబ్బా దింపరా" అంటారు. ఆ మాట వినడానికి నాకు బాగుంటుంది. పక్కన ఇంకో బండివాళ్ళుంటే ఇంకా బాగుంటుంది. ఆ గ్రీజు వాసన కూడా నాకు వేరుగా ఉండేది. మా కాలేజీలో బండ్లున్న వాళ్ళకి గ్రీజుల గురించి తరచు చెబుతుంటాను. వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని వేరే గదిలోకి పోతుంటారు.

ఇక ఎర్ర జీపు కుర్రాడి దగ్గరికొస్తాను. అతనికి మొదటిసారి బేరింగు మార్చినప్పుడే మేస్త్రిగారు అన్నీ చెప్పారట. రెండోసారీ చెప్పారట. ఉచితంగానే. ముఖ్యంగా ఆ టైర్ల గురించి. చక్రం బయటికి కనపడాలని హబ్బుకీ రిమ్ముకీ మధ్య స్పేసర్లు వేయించాడతను. చక్రం మధ్యగీత రెండు బేరింగుల నడుమ పడేటట్టు కట్టిన బండి అది. అప్పుడే బరువు ఇద్దరూ పంచుకుంటారు. దాన్ని బయటికి లాగితే బరువంతా ఒక్కడి నెత్తినే పడుతుంది. మేస్త్రిగారు చెప్పిన తీరు వేరు. "ఆడోళ్ళు నిండు బిందె సంకనెత్తుకుని మైలు దూరం నడుస్తారు. అదే బిందెని సెయ్యి సాపి పట్టుకోమను, ఇంటి గుమ్మం దాటరు."

అన్నిటికీ అతను "చూద్దాం అంకుల్" అన్నాడట. స్పేసర్లు అలాగే ఉన్నాయి. గెడ్డలోకి దూకిన వీడియోలు నాక్కూడా చూపించాడు. కాగిన చక్రాలు నీళ్ళు తాకగానే లేచిన ఆవిరిని నెమ్మదిగా కదిలేటట్టు తీశాడు. బాగుంది చూడ్డానికి. మేస్త్రిగారు మాత్రం కళ్ళు పక్కకి తిప్పుకున్నారు.

ఆ మూడోసారి ఆయన ఏమీ చెప్పలేదు. చేతులు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో నూనె పీల్చిన గుడ్డ మూట ఉంది. బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"బాబూ, నువ్వన్నది నిజమే. అంగట్లో సరుకు నీ బండికి ఆగదు. ఇది మామూలుది కాదు. ఎప్పుడో తెప్పించి దాసుకున్నాను. రెండు జతలే ఉన్నాయి. నాలుగు వేలు."

"మామూలుది పన్నెండు వందలే కదా అంకుల్?"

"అయితే అదే ఏసీమంటావా?"

కుర్రాడి కళ్ళు మూట మీదే ఉన్నాయి. "వద్దొద్దు. ఇదే వెయ్యండి."

"ఎయ్యడం ఏసేస్తాను. దీనికి పథ్యం ఉంది మరి. సెయ్యగలవా?"

ఆ మాట వినగానే నేను బల్ల మీద సర్దుకుని కూర్చున్నాను. కుర్రాడు జేబులోంచి ఫోను తీసి రాసుకోవడం మొదలెట్టాడు.

"స్పేసర్లు తీసీయాలి. ఇది దాని సోట్లో ఉంటేనే పన్జేస్తాది. గెడ్డ కనపడితే ఒడ్డున పది నిమిషాలు ఆగాలి, బీడీ కాల్సుకో."

"నేను కాల్చను అంకుల్."

"అయితే పోటోలు తీసుకో. నీళ్ళలో దిగిన వారం లోపల తెచ్చి ఇప్పించాలి. హబ్బుల మీద పైపు నీళ్ళు కొట్టించకూడదు. యాక్సిల్ నెత్తిన గాలి పీల్సుకునీ గొట్టం ఉంటాది, బురద పట్టకుండా సూసుకోవాలి. అది మూసుకుపోతే సీళ్ళలోంచి తాగుతాది. బండి ఆపినప్పుడల్లా నాలుగు సక్రాల మీదా సెయ్యేసి సూడాలి. ఒకటి ఎక్కువ కాలిందంటే నాకు పోను సెయ్యి. ఇందులో ఏది తప్పినా బేరింగు నాది కాదు, పూచీ నాది కాదు."

అన్నీ రాసుకున్నాడు. రెండుసార్లు చదివి వినిపించాడు. స్పేసర్లు అప్పుడే, అక్కడే ఊడదీయించాడు. ఊడదీశాక జీపు పట్టుచీర కట్టుకున్న కొత్తకోడలిలా ఒద్దికగా కనిపించింది. అతను దాన్ని కాస్త దిగులుగా చూసుకుని, డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

గ్రీజు మాత్రం మేస్త్రిగారు మూలనున్న డ్రమ్ములోంచే తీశారు. పైఅర డబ్బా జోలికి పోలేదు. అది నేను గమనించకపోలేదు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఏడో కార్తీకం. నా బండి చింతచెట్టు కింద చక్రాలు విప్పుకుని నిలబడి ఉంది. బేరింగులు కిరసనాయిల్లో కడిగి గోనెపట్టా మీద ఆరబెట్టారు. వెండి పట్టీల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కన హల్వా పొట్లం. ఇంతలో ఎర్ర జీపు వచ్చింది. మూలుగు లేదు. మలుపులోనూ లేదు.

కుర్రాడు దిగి మేస్త్రిగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అంకుల్, పది నెలలు! ఒక్క సౌండ్ లేదు. ఏం బేరింగ్ అంకుల్ అది! మా ఫ్రెండ్స్ అడుగుతున్నారు. ఆ రెండో జత నాకే ఉంచండి, ఎంతైనా ఫర్వాలేదు." గెడ్డ ఒడ్డున పది నిమిషాలాగినప్పుడు తీసిన పిట్టల ఫోటోలు చూపించాడు. ఇప్పుడతనికి పిట్టల పిచ్చి పట్టుకుందట.

వెళ్ళాక మేస్త్రిగారు నవ్వడం మొదలెట్టారు. నవ్వు దగ్గులోకి దిగి, మళ్ళీ నవ్వులోకి వచ్చింది.

"ఏమిటి?"

"ఆ బేరింగు సార్..." కళ్ళు తుడుచుకున్నారు. "అనకాపిల్లిలో కొన్నదే. అంతకు ముందు రెండుసార్లు ఏసిందీ అదే, అదే నంబరు, అదే కంపెనీ. అట్టపెట్టి తీసీసి గుడ్డలో సుట్టినాను."

"మరి నాలుగు వేలు?"

"బేరింగుకి పన్నెండొందలు. మిగతాది మాటకి. ఉట్టినే సెప్తే రెండుసార్లు ఇన్లేదు గదా. అయినా నట్టం నాకే సార్. ఆడు ఎనకటిలాగే ఉంటే ఏడాదికి మూడుసార్లు వచ్చీవోడు. లెక్కెయ్యండి."

నేనూ నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. హల్వా ముక్క నోట్లో వేసుకుని ఇంకోసారి నవ్వాను. మా తాతగారి ఊళ్ళో ఒక ఆచారిగారు బెల్లంలో మిరియప్పొడి కలిపి మాత్రలు చుట్టి, స్వర్ణభస్మం పడిందని చెప్పి, నలభై రోజులు పులుపూ నూనే మాన్పించేవారట. జనం మాత్ర గొప్పదనుకునేవారు. ఆ సంగతి చెప్పి, "ఈ చదువుకున్న కుర్రాళ్ళింతే మేస్త్రిగారూ! వీళ్ళకి బుద్ధి కూడా బిల్లు వేసి అమ్మితేగానీ ఎక్కదు. గుడ్డలో చుట్టి ఇస్తే చాలు, కళ్ళు మూసుకుని కొనేస్తారు. కాస్త ఆలోచించొద్దూ?" అన్నాను.

"అవున్సార్" అన్నారు మేస్త్రిగారు. నవ్వడం మానేసి చెవి మీది బీడీ ముక్క వెతుక్కున్నారు.

షెడ్డులోంచి కొత్త కుర్రాడు వచ్చాడు. పనిలో చేరి వారమైనట్టుంది, పదిహేడేళ్ళుంటాయి, ముఖం నిండా మసి. చేతిలో డాల్డా డబ్బా.

"మేస్త్రీ, సారు డబ్బా కాళీ అయిపోనాది. నింపీమంటారా?"

జవాబు కోసం ఆగకుండానే మూలకి వెళ్ళి డ్రమ్ము మూత తీశాడు. ఆ షెడ్డులో ఉన్నది ఒకటే డ్రమ్ము.

గరిటె డబ్బాకి తగిలిన చప్పుడు చాలా స్పష్టంగా వినపడింది. నా నోట్లో హల్వా అలాగే ఉంది. మేస్త్రిగారు కంగారు పడలేదు. బీడీ వెలిగించుకుని, నా బేరింగుల వైపు చూస్తూ అడిగారు.

"సార్, మీ బండికి బేరింగు పోయి ఎన్నాళ్ళయినాది?"

"ఏడేళ్ళు."

"ఏడేళ్ళు" అని ఆయనా ఒకసారి అనుకుని పొగ వదిలారు.

కుర్రాడు డబ్బా పట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అరచేతిలో తేనె రంగు ముద్ద. అదే రంగు, అదే వాసన. ఇద్దరూ నా ముఖం వైపే చూస్తున్నారు.

"ఎయ్యమంటారా సార్, ఒద్దా?" అన్నారు మేస్త్రిగారు.

నేను ఇటు చూశాను, అటు చూశాను. హల్వా మింగాను.

"వెయ్యి" అన్నాను కుర్రాడితో, సగం గొంతుతో.

మేస్త్రిగారు కుర్రాడి వైపు తిరిగారు.

"ఇన్నావురా? సారు వెయ్యన్నారు. తొమ్మిదొందలు కొట్టీసి, వెయ్యి రాయి."